పాత పేక వయసు ఇస్పేటు ఆసు చెబుతుంది

అందరికీ నమస్కారం.

పాత పేక చేతికి రాగానే చాలామంది ముందు డబ్బా చదువుతారు. డబ్బా మారిపోయి ఉండొచ్చు. ఇస్పేటు ఆసు తీయండి. ఒకప్పుడు ఇంగ్లండులో పేకకు పన్ను ఉండేది, కట్టినట్టు ఆనవాలు ఆ ఆసే. 1828 నుంచి 1862 దాకా దాన్ని సర్కారే అచ్చువేసేది. ఒంపుల గీతలతో కిక్కిరిసిన బొమ్మ, అందులో ఒక షిల్లింగు పన్ను అన్న మాట కనిపిస్తాయి. సేకర్తలు దాన్ని ఓల్డ్ ఫ్రిజిల్ అంటారు. 1862లో పన్ను మూడు పెన్నీలకు దిగింది, ఆసు అచ్చు తయారీదారుల చేతికొచ్చింది. 1960లో పన్నే ఎత్తేశారు.

తర్వాత రాజు, రాణి, జాకీ. కాళ్లతో సహా నిలబడిన నిండు బొమ్మలైతే పాత పద్ధతి. ఇంగ్లీషు పేకల్లో అటూ ఇటూ తలలున్న బొమ్మలు, మూలల్లో అంకెలు, గుండ్రటి మూలలు 19వ శతాబ్దం రెండో సగంలో స్థిరపడ్డాయి. అయితే ఏ ఒక్క గుర్తునూ నమ్మి డబ్బు పెట్టకండి, పాత నమూనాలను మళ్లీ అచ్చేసిన పేకలున్నాయి. పదింతలు చూపే భూతద్దం పెట్టండి. ముఖం రంగులో సన్నటి రంగుచుక్కల గుంపులు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు, షిల్లింగు ఆసు కాలంది కాదు. బొమ్మ ఆకారం కత్తిరించిన అచ్చుల (స్టెన్సిళ్ల) మీంచి చేత్తో అద్దిన రంగైతే నల్లగీత దాటి కాస్త పక్కకు పోయి ఉంటుంది.

52 లెక్క సరిపోయినంత మాత్రాన పేక పూర్తి అయినట్టు కాదు. పేకను సర్ది, బల్ల మీద నిలబెట్టి అంచులు చూడండి. పొడుచుకొచ్చిన ముక్క, మిగతావాటికన్నా తెల్లటి అంచున్న ముక్క వేరే పేకలోంచి తెచ్చి కలిపింది కావచ్చు.

మనకు పక్కనే ఉన్న ఒడిశాలో చేత్తో చేసే పేక, గంజపా, సంగతి వేరు. గుండ్రటి ముక్కలు, గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, రంగులేసి, లక్క పట్టిస్తారు. ఎనిమిది రంగుల ఆటకు 96 ముక్కలు, దశావతారానికి 120. ఇక్కడ చాలామంది చేసే తప్పు స్పిరిటుతో తుడవడం. స్పిరిటుకు లక్క కరుగుతుంది, దాంతో రంగూ లేస్తుంది. తడిగుడ్డకు జిగురు ఉబ్బుతుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

విశాఖ ఉప్పుగాలి, ఉక్కపోత పేకకు శత్రువులు. గంజపా ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేస్తే ఎండాకాలం లక్క మెత్తబడి అంటుకుంటాయి. మధ్యలో సిలికాన్ పూత కాగితం పెట్టండి. అంటుకున్నవాటిని గోరుతో విడదీయకండి, బొమ్మ కింది ముక్కకే ఉండిపోతుంది. అచ్చు పేకలకు రబ్బరు బ్యాండు వద్దు, అది కరిగి మరక చేస్తుంది. పీవీసీ కవర్లూ వద్దు, ఆమ్లంలేని కాగితంలో చుట్టి గట్టి మూత డబ్బాలో పెట్టండి. లోపల చిన్న తేమమీటరు, సిలికాజెల్ ఉండాలి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలవాలి. అరవై దాటి నిలిస్తే బూజు భయం మొదలైనట్టే, మీటరు అరవై చూపగానే జెల్ మార్చండి.