ఫోన్ ఎత్తని అరగంట

[దృశ్యం: సాయంత్రం, కృష్ణా నదిపై కనకదుర్గ వారధి. బస్సు కిటికీ పక్కన ఫోన్ చూసుకుంటున్న యువకుడు.]

విజయవాడలో ఉద్యోగం ముగించుకొని గుంటూరు బస్సెక్కిన ఒక యువకుడిని ఊహించుకుందాం. భార్య అరగంటగా ఫోన్ ఎత్తడం లేదు. వారధి దాటేసరికి అతనికి గుండెదడ మొదలవుతుంది, మంగళగిరి వచ్చేసరికి అది కోపమవుతుంది, తీరా ఆమె ఫోన్ చేసి "వంటింట్లో ఉన్నానండీ, వినపడలేదు" అంటే "ఏం లేదులే" అని పెట్టేస్తాడు. అంత కోపం ఎందుకొచ్చిందో అతనికీ తెలియదు. ఏడాది వయసులో తల్లి నెలల తరబడి ఆసుపత్రిలో ఉంటే అమ్మమ్మగారింట్లో పెరిగాడని పెద్దలు చెబుతారు గానీ, అతనికి ఆ రోజులు గుర్తు లేవు.

[దృశ్యం: పాత ఆసుపత్రి గది రేఖాచిత్రం.]

గుర్తు లేని సంగతి మనిషిని ఎలా నడిపిస్తుంది? స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త ఎడ్వార్డ్ క్లాపరేడ్ 1911లో ఒక పరీక్షను వివరించారు. కొత్త జ్ఞాపకాలు నిలవని ఒక రోగితో కరచాలనం చేస్తూ, వేళ్ల మధ్య దాచిన గుండుసూదితో ఆమెను గుచ్చారు. (ఇలాంటి పరీక్షను ఈనాడు ఎవరూ అనుమతించరు, అనుమతించకూడదు కూడా.) ఆమె ఆ సంగతి మరిచిపోయింది, కాని ఆయన మళ్లీ చేయి చాచినప్పుడు తన చేయి ఇవ్వలేదు.

పసితనంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. సంఘటనలను గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం అప్పటికి పూర్తిగా ఎదగదు. అపాయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే మరో భాగం మాత్రం ముందే పని మొదలుపెడుతుంది. అందువల్ల జరిగినది మరుపున పడినా, దానితో వచ్చిన భయం మిగిలిపోగలదు. అచేతన మనస్సు, అంటే మన ఎరుకలో లేకుండా పనిచేసే మనస్సు, మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పిన అణచివేసిన కోరికలు మాత్రమే కాదు, తెలియకుండా నేర్చుకున్న ఈ పాఠాలు కూడా.

[దృశ్యం: బొమ్మలున్న గది. తలుపు దగ్గర తల్లి.]

అమెరికాలోని బాల్టిమోర్‌లో మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ ఏడాది వయసు పిల్లలను గమనించారు. తల్లి కొద్ది నిమిషాలు బయటికి వెళ్లి తిరిగొచ్చినప్పుడు చాలామంది ఏడుస్తూ ఆమెను చేరి ఊరట పొందేవారు. కొందరు మాత్రం తల్లిని చూడనట్టే బొమ్మల వైపు తిరిగేవారు. మన ఇళ్లలో అలాంటి బిడ్డను "ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అని మెచ్చుకుంటాం. అయితే 1977లో ప్రచురితమైన మరో పరిశోధనలో, పైకి నిబ్బరంగా కనిపించిన అలాంటి పిల్లల గుండె కూడా వేగంగానే కొట్టుకుంటోందని తేలింది. బస్సులోని యువకుడు అన్న "ఏం లేదులే" అనే మాట, ఆ బిడ్డ చేతిలోని బొమ్మలాంటిదే.

ఇందులో తల్లి తప్పు వెతకడం అన్యాయం. జబ్బు పడటం ఎవరి నేరమూ కాదు. పైగా బాల్యమే అన్నింటినీ నిర్ణయించదు. కష్టమైన బాల్యాన్ని దాచకుండా, తడబడకుండా చెప్పుకోగలిగినవారు తమ పిల్లలకు భద్రతను ఇవ్వగలుగుతున్నారని మనస్తత్వవేత్త మేరీ మెయిన్ 1980లలో మొదలుపెట్టిన పరిశోధనలు చూపాయి.

[దృశ్యం: అదే బస్సు, మరో సాయంత్రం.]

ఈసారి అతను పెద్దలు చెప్పిన ఆ సంగతిని భార్యకు చెప్పి, "నువ్వు ఎత్తకపోతే భయమేసింది" అనాలనుకుంటున్నాడు. కాజ టోల్‌గేటు దగ్గర మనసులో కూర్చుకున్న ఆ మాట నోటి దాకా రావడానికి, బహుశా ఇల్లు చేరేంత సమయం పడుతుంది.