పింక్ వాటర్: బొగ్గు పట్టుకున్న విషం ఎక్కడికి పోతుంది?

అందరికీ నమస్కారం.

ఫిరంగి షెల్లుల్లో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం నింపే షెడ్డును నీళ్లతో కడుగుతారు. పొడి పేరుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి కడగక తప్పదు. ఆ నీళ్లు మొదట తేటగానే ఉంటాయి. సీసాలో పట్టి ఎండలో పెడితే గులాబీ రంగుకు తిరుగుతాయి. ఎండకు టీఎన్‌టీ మారి రంగు పదార్థాలు పుడతాయి. అందుకే మా పనిలో వీటిని పింక్ వాటర్ అంటారు. నాకు మాత్రం రంగు రాని నీళ్లంటేనే ఎక్కువ టెన్షన్. వాటిని ఎవరూ అనుమానించరు.

లీటరు నీటిలో టీఎన్‌టీ సుమారు 100 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. తాగేనీటిలో 2 మైక్రోగ్రాములు మించకూడదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా. అంటే అలా కరిగిన ఒక్క లీటరును 50,000 లీటర్లలో కలిపితేగానీ ఆ హద్దులోకి రాదు. కలిపి పారబోయడం శుద్ధి కాదని వేరే చెప్పాలా?

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని యుమటిల్లా సైనిక డిపోలో 1950లు మొదలుకొని 1965 దాకా, బాంబుల లోపలి మందును కడిగి తీసిన నీళ్లను మట్టి గుంటల్లోకి వదిలారు. దాదాపు 32 కోట్ల లీటర్లు! టీఎన్‌టీ చాలావరకు మట్టిని అంటుకుంటుంది. ఆర్‌డీఎక్స్ అనే మరో పేలుడు పదార్థం అలా ఆగదు, నీటితో పాటే కిందికి దిగుతుంది. అక్కడి భూగర్భజలం పాడైంది.

ఇలాంటి నీళ్లను శుద్ధి చేయడానికి ఎక్కువ చోట్ల వాడేది యాక్టివేటెడ్ కార్బన్. నల్లటి బొగ్గు గింజల మధ్య నుంచి నీళ్లు పోతుంటే పేలుడు పదార్థం గింజలకు పట్టుకుంటుంది. నీళ్లు బాగుపడతాయి, నిజమే. కానీ విషం చోటు మారిందంతే, చావలేదు. అమెరికా చట్టం ఆ వాడేసిన బొగ్గును ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తుంది.

విషాన్ని విరగ్గొట్టే దారులూ ఉన్నాయి. ఇనుప రజను టీఎన్‌టీలోని మూడు నైట్రో గుంపులను (నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువుల జట్లు) ఒక్కొక్కటిగా అమైన్‌లుగా (నైట్రోజన్, హైడ్రోజన్ జట్లు) మారుస్తుంది. ఆ తర్వాత సూక్ష్మజీవులో, హైడ్రోజన్ పెరాక్సైడో మిగతా పని పూర్తి చేయాలి. ఈ పని మధ్యలో ఆగితే మిగిలే అమైనో పదార్థాలు కూడా విషమే. రిపోర్టులో ‘టీఎన్‌టీ లేదు’ అని వచ్చినంత మాత్రాన సంతకం పెట్టేయకండి. ఆ అమైనో పదార్థాలను కూడా పరీక్షించారా అని అడగండి.

ప్లాంటుకు వెళ్లినప్పుడు బయటికొచ్చే నీళ్లు చూపిస్తారు. చూడండి. తర్వాత బొగ్గు రిజిస్టరు తెప్పించుకుని, చివరిసారి ఎప్పుడు మార్చారో, తీసిన బొగ్గు ఎక్కడికి వెళ్లిందో చదవండి.