తప్పు జవాబు దగ్గర కాసేపు ఆగండి

అందరికీ నమస్కారం. ఇంకొద్ది నెలల్లో మీరంతా సొంతంగా ఒక క్లాసు ముందు నిలబడబోతున్నారు. పిల్లలకు చదువు ఎలా చెప్పాలి, వాళ్లలో ధైర్యం ఎలా నింపాలి అన్న రెండు ప్రశ్నలూ మీ మనసులో ఉంటాయి. నా లెక్కలో ఈ రెండూ ఒకే చోట తేలిపోతాయి. ఒక బిడ్డ తప్పు జవాబు చెప్పిన తర్వాత మీరేం చేస్తారో, అక్కడ.

ఒక లెక్క చూద్దాం. 52లోంచి 27 తీసెయ్యమంటే ఒక పాప 35 అని రాసింది. ఇంటూ కొట్టి, "జాగ్రత్తగా చెయ్యి" అని నోటుబుక్కు తిరిగిచ్చెయ్యడం క్షణం పని. కానీ ఆ పాప జాగ్రత్తగానే చేసింది. ఒకట్ల స్థానంలో 2, 7 కనిపించాయి. పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలని తనకు ఎప్పుడో మనసులో పడిపోయింది. కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేసింది. పదుల దగ్గర 5లోంచి 2 పోతే 3. తన లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. ఇదే పాపకు 81లోంచి 46 తియ్యమని ఇస్తే 45 రాస్తుందని మనం ముందే చెప్పెయ్యొచ్చు. తీసివేతల్లో పిల్లలు చేసే తప్పుల్లో ఎన్నో ఇలా ఒక పద్ధతి ప్రకారమే జరుగుతాయని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లోనే వివరంగా చూపించారు.

ఇలాంటి బిడ్డకు "జాగ్రత్తగా చెయ్యి" అన్న మాట ఎందుకు పనికొస్తుంది? అదే పద్ధతిని ఇంకాస్త జాగ్రత్తగా చేస్తుంది, మళ్లీ ఇంటూ వస్తుంది. కొన్నాళ్లకు "నాకు లెక్కలు రావు" అని తేల్చేసుకుంటుంది. ఒక్క చిన్న నియమం సరిదిద్దితే పోయేది, బిడ్డ తన గురించి తాను ఏర్పరుచుకున్న అభిప్రాయంగా మారిపోతుంది. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇదే.

అందుకే, "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అని అడగండి. చెప్పిందంతా మధ్యలో అడ్డుకోకుండా వినండి. తర్వాత పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ఆ పాప ముందు పెట్టి, "ఇందులోంచి నాకు 27 ఇవ్వు" అనండి. విడిగా ఉన్నవి రెండే, కావాల్సినవి ఏడు. పాప మీ మొహంలోకి చూస్తుంది. అప్పుడు మీరేమీ చెప్పకండి. చాలామంది పిల్లలు కాసేపు తటపటాయించి, ఒక కట్ట తమంతట తామే విప్పుతారు. అలా విప్పకపోతే, "కట్టలో ఏమున్నాయి?" అన్న ఒక్క ప్రశ్న చాలు. పన్నెండు విడి పుల్లల్లోంచి ఏడు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు ఇచ్చాక, తన దగ్గర మిగిలింది 25 అని తనే లెక్కపెట్టుకుంటుంది. అప్పు తీసుకోవడం అనేది ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మనం ఏదైనా చెయ్యగలమన్న నమ్మకం ప్రధానంగా ఎక్కడినుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో వివరించారు. స్వయంగా చేసి గెలిచిన అనుభవానిదే ఆయన లెక్కలో మొదటి స్థానం, పక్కవాళ్లు ఇచ్చే ప్రోత్సాహం దాని తర్వాతే. కాబట్టి సాయం చేసేటప్పుడు కూడా, చివరి అడుగు బిడ్డకే వదిలెయ్యండి.

ఇంకో మాట. "ఎలా చేశావు?" అని జవాబు తప్పయినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినపడగానే పిల్లలు రబ్బరు తీసి చెరిపేస్తారు. కరెక్టుగా చేసినవాళ్లనీ అడగండి. అప్పుడే అది మామూలు ప్రశ్న అవుతుంది.

ఇక ఆగడం గురించి. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో గమనించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మౌనంగా ఉండిపోవడం తగ్గింది, ఎప్పుడూ నోరు తెరవనివాళ్లు కూడా మాట్లాడారు. బాగా చదువుతారని టీచర్లు అనుకున్న పిల్లల కోసం ఎక్కువసేపు, వెనకబడ్డారనుకున్న వాళ్ల కోసం తక్కువసేపు ఆగారని కూడా ఆమె గుర్తించారు. ఎక్కువ సమయం కావాల్సినవాళ్లకే తక్కువ దొరికిందన్నమాట! మూడు సెకన్లు వినడానికి చిన్నవే గానీ, నలభై మంది పిల్లల ముందు ఆ నిశ్శబ్దం కొత్త టీచరుకు చాలా టెన్షన్ పుట్టిస్తుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. జవాబు వచ్చాక కూడా కాసేపు ఆగండి. చాలాసార్లు బిడ్డ తన మాటను తనే సరిచేసుకుంటుంది.

అందరి ముందూ చెప్పడానికి జంకే పిల్లలుంటారు. వాళ్లను పేరు పెట్టి లేపే ముందు, పక్కనున్నవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోనివ్వండి. ఎవరైనా తప్పు చెప్తే మిగతావాళ్లు నవ్వారా? ఆ క్షణంలో మీరు చూడనట్టు ఊరుకుంటే ఆ బిడ్డ మళ్లీ చెయ్యెత్తదు. పాఠం ఆపి అయినా సరే, మొదటి రోజే ఆ నవ్వును ఆపండి.

మెచ్చుకోలు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. క్లాడియా ముల్లర్, కేరల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, "నువ్వు తెలివైనవాడివి" అనిపించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పనికి వెనకాడారు. ఒక ఓటమి ఎదురవగానే వాళ్ల పని దిగజారింది. తమ శ్రమకు మెచ్చుకోలు అందుకున్న పిల్లలు నిలబడ్డారు. కానీ దీన్ని పట్టుకుని ప్రతిదానికీ "బాగా కష్టపడ్డావు" అనేస్తే అదీ ఉత్త మాటే అవుతుంది. తప్పు పద్ధతిలో గంటసేపు కష్టపడిన బిడ్డకు కావాల్సింది ఇంకో పద్ధతి. "ఇక్కడ బొమ్మ గీసి చూసుకున్నావు కదా, అందుకే నీకు దొరికింది" అన్నట్టు, ఏం చేస్తే పని జరిగిందో అదే చెప్పండి.

మార్కులు కూడా అంతే. 1988లో రూత్ బట్లర్ చేసిన పరిశోధనలో, సూచనలు మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది. మార్కులతో పాటు సూచనలు ఇచ్చినప్పుడు ఆ ఫలితం రాలేదు. పరీక్షల్లో మార్కులు మీ చేతిలో ఉండవు. రోజువారీ నోటుబుక్కు మాత్రం మీదే. అందులో ఒక్క వాక్యం రాసి, దాన్ని సరిదిద్దుకోవడానికి అదే పీరియడ్‌లో ఐదు నిమిషాలు ఇవ్వండి. ఇంటికెళ్లాక చూసుకుంటారులే అనుకుంటే ఎవరూ చూడరు.

ప్రాక్టీస్ క్లాసులు మొదలయ్యాక, స్కూలు అనుమతి తీసుకుని ఒక పీరియడ్‌ను మీ కోసం మాత్రమే రికార్డు చేసుకోండి. ఎవరి పేర్లు పిలిచారో, ఎవరి కోసం ఎంతసేపు ఆగారో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి, పిల్లల పేర్లు తీసేసి. అక్కడినుంచే మాట్లాడుకుందాం.