ఫార్మాట్ కొట్టించే ముందు

సభకు నమస్కారం.

మన ఇళ్ళలో కంప్యూటర్ మొరాయించిన రోజున ముందుగా వినిపించే మాట "ఫార్మాట్ కొట్టించేద్దాం" అన్నదే. సిస్టమ్ స్లో అయినా, హ్యాంగ్ అవుతున్నా, వైరస్ పట్టిందని అనుమానం వచ్చినా, ఆఖరికి ప్రింటర్ పనిచేయకపోయినా అందరికీ తోచే మందు అదొక్కటే. చాలా ఏళ్ళుగా ఇరుగుపొరుగు వారి కంప్యూటర్లు చూసిపెడుతున్నవాణ్ణిగా, ఈ అలవాటు మీద నాకున్న అభ్యంతరాన్ని మీ ముందు వివరంగా పెట్టదలచుకున్నాను. ఫార్మాట్ అంటే డిస్కు మీద ఉన్నదంతా తుడిచేసి విండోస్‌ను మళ్ళీ మొదటినుంచి ఎక్కించడం. అది తప్పనిసరయ్యే సందర్భాలు ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను. కానీ జబ్బేమిటో తెలుసుకోకుండా చేసే ఫార్మాట్ వల్ల జబ్బు అలాగే మిగిలిపోయి, ఇంటివాళ్ళ ఫోటోలూ కాగితాలూ మాత్రం పోవడం నేను పదేపదే చూశాను.

మా ఎదురింటి పెద్దాయన ఒకరోజు నన్ను పిలిచి, "మాస్టారూ, బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదండీ. ఏ సైటుకు వెళ్ళినా కనెక్షన్ సురక్షితం కాదని ఎర్రగా వస్తోంది. ఎవరో లోపల దూరినట్టున్నారు, ఫార్మాట్ కొట్టించమంటారా?" అని అడిగారు. నేను ముందు చూసింది తెర కుడివైపు అడుగున ఉండే తేదీని. అక్కడ 2012 జనవరి 1 అని ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి బ్యాటరీ ఒకటుంటుంది. దాని పేరు సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే, గోడ దగ్గర స్విచ్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. వెబ్‌సైటు చూపించే భద్రతా ధ్రువపత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది కాబట్టి, ఇంకా 2012లోనే ఉన్నాననుకుంటున్న కంప్యూటర్‌కు ఆ పత్రం చెల్లనిదిగా కనిపిస్తుంది. బిళ్ళ మార్చి తేదీ సరిచేస్తే పది నిమిషాల్లో బ్యాంకు సైటు తెరుచుకుంది. ఫార్మాట్ చేసి ఉంటే, ఆ సాయంత్రం స్విచ్ ఆపగానే మళ్ళీ అదే ఎర్ర హెచ్చరిక వచ్చేది.

స్లో అవడానికి కూడా చాలామంది వైరస్‌నే కారణంగా ఊహించుకుంటారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఒక్కొక్కటి ఎంత శాతం పనిలో ఉన్నాయో కనిపిస్తుంది. పెద్ద పనేదీ చేయించకుండానే డిస్కు గడి చాలాసేపు 100 శాతం దగ్గరే నిలిచి ఉందంటే, ముందుగా అనుమానించవలసింది పాత హార్డ్ డిస్కునే. దానికి తోడు లోపలినుంచి టక్‌టక్ మనే చప్పుడు కూడా వస్తుంటే ఆ డిస్కు ఆఖరి రోజుల్లో ఉన్నట్టు. అప్పుడు ఆ క్షణమే ఫైళ్ళను వేరే డిస్కు మీదికి తీసుకోవాలి. అలాంటి డిస్కును ఫార్మాట్‌కు ఇవ్వడమంటే ఉన్న కాస్త ఊపిరినీ తీసేయడమే. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ అనే, లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు వేయిస్తే, పనికిరాదని పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఇంకొన్నేళ్ళు హాయిగా పనిచేయడం నేను చాలా ఇళ్ళలో చూశాను.

తెర మూలన "మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లున్నాయి" అంటూ పదేపదే వచ్చే చిన్న పెట్టెలు కూడా చాలావరకు వైరస్‌లు కావు. ఏదో సైటు "మీరు రోబో కాదని నిరూపించడానికి అనుమతించు అని నొక్కండి" అంటే మనమే నొక్కి ఉంటాం. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి ఆ సైటుకు ఇచ్చిన అనుమతి తీసేస్తే అవి ఆగిపోతాయి. తెరంతా ఆక్రమించి, సైరన్ మోగిస్తూ, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని వచ్చే హెచ్చరిక మాత్రం పక్కా మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. ఒకవేళ ఆ నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన సాఫ్ట్‌వేర్ వేసుకుని, మన తెర వాళ్ళ చేతికిచ్చి ఉంటే ముందు ఇంటర్నెట్ తీసేయాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పాలి. డబ్బు ఇంకా దారిలో ఏదో ఖాతాలో ఉండగానే ఆపించగలిగే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ.

పెన్ డ్రైవ్ విషయం మన ఊళ్ళలో ప్రతి ఇంటికీ అనుభవమే. ప్రింట్ తీయించడానికి జిరాక్స్ షాపులో ఇచ్చి తెచ్చుకున్న పెన్ డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి. ఫైళ్ళు పోయాయని బెంబేలెత్తి అక్కడికక్కడే ఫార్మాట్ చేసేవాళ్ళు చాలామంది. నిజానికి ఈ రకం వైరస్ సాధారణంగా ఫైళ్ళను తుడిచేయదు, దాచేస్తుంది. షార్ట్‌కట్ల మీద నొక్కకుండా ముందు విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్‌తో ఆ పెన్ డ్రైవ్‌ను స్కాన్ చేయించి, ఆ తర్వాత ఫోల్డర్ ఆప్షన్లలో దాచిన ఫైళ్ళనూ, సిస్టమ్ ఫైళ్ళనూ చూపించమంటే మన కాగితాలన్నీ అక్కడే కనిపిస్తాయి. షాపుకు తీసుకెళ్ళే పెన్ డ్రైవ్‌లో ఆ రోజు ప్రింట్ తీయించవలసిన ఫైలు తప్ప ఇంకేమీ ఉంచకపోవడం ఇంకా మంచిది.

అప్‌డేట్ల గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపాన్ని సరిచేస్తూ అప్‌డేట్ ఇచ్చింది. మే 12న అదే లోపం గుండా వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మధ్యలో దాదాపు రెండు నెలల గడువుంది. అప్‌డేట్ వేసుకున్న యంత్రాల్లోకి అది ఆ దారిన రాలేకపోయింది. విండోస్ 10కు ఉచిత అప్‌డేట్ల గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అవసరం కాబట్టి చాలా పాత యంత్రాలకు అది ఎక్కదు. అలాంటివాటిలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవచ్చు. పాత తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద పుస్తకాలు కూర్చే డీటీపీ మిత్రులకు పాత విండోస్ వదలడం ఎంత కష్టమో నాకు తెలుసు. వారికి నా సలహా ఒక్కటే: ఆ యంత్రాన్ని ఆ పనికే ఉంచి, దానికి ఇంటర్నెట్ పెట్టకండి.

ఇక నన్ను ఈ ప్రసంగానికి పురికొల్పిన సంగతి చెబుతాను. మా బంధువుల్లో నాకు చెల్లెలి వరసయ్యే ఆవిడ ఇంట్లో, ఇంటర్ చదివే అబ్బాయి వీడియోలు ఎడిట్ చేసే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, దొరికిందని డౌన్‌లోడ్ చేశాడు. జిప్ ఫైలు తెరవడానికి 1234 అనే పాస్‌వర్డ్ ఇచ్చారు. యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా ఉండటానికే ఆ తాళమని అతనికి తెలియదు. డిఫెండర్‌ను ఆపేయమంటే ఆపేశాడు. కాసేపటికి ప్రతి ఫైలు పేరు చివరా అర్థం లేని నాలుగు అక్షరాలు వచ్చి చేరాయి; ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అనే ఒక ఫైలు ఉంది. తాళం తీయడానికి 980 డాలర్లు, 72 గంటల్లోపు సంప్రదిస్తే 490 డాలర్లు అని అందులో రాసి ఉంది. ఇది స్టాప్ లేదా డీజేవీయూ అనే పేరుతో తెలిసిన రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్. ఇది ఎక్కువగా క్రాక్‌ల వెంటే ఇళ్ళలోకి వస్తుంది.

వాళ్ళు నాకు చెప్పేలోపే షాపులో ఫార్మాట్ అయిపోయింది. తాళం పడిన ఫైళ్ళతో పాటు రీడ్‌మీ కూడా పోయింది. ఆ ఫైలు చాలా ముఖ్యమైనది, ఎందుకంటే బాధితుడి గుర్తింపు సంఖ్య అందులో ఉంటుంది. ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో ఈ రాన్సమ్‌వేర్ తాళాలు కొన్నింటిని ఉచితంగా తీసే పనిముట్టును విడుదల చేసింది. వైరస్ తన సర్వర్‌ను అందుకోలేక, తనలోనే ఉన్న ఆఫ్‌లైన్ తాళం వేసి ఉంటే, ఆ తాళంచెవి దొరికిన మేరకు ఫైళ్ళు తెరుచుకుంటాయి. గుర్తింపు సంఖ్య చివర టీ1 అని ఉంటే అది ఆఫ్‌లైన్ తాళం.

మూడు రోజుల తర్వాత ఆవిడ జీమెయిల్‌లోకి ఎవరో ప్రవేశించారు. ఈ రాన్సమ్‌వేర్ వెంట తరచుగా పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములు కూడా వస్తాయి. బ్రౌజర్‌లో దాచుకున్నవి అప్పటికే దొంగల చేతికి చేరి ఉంటాయి. డిస్కు తుడిచినంత మాత్రాన పోయిన పాస్‌వర్డ్ వెనక్కి రాదు. ఆ ఇంట్లో ఫార్మాట్ అవసరమే, తప్పినది వరుస. ముందు నెట్ తీసేసి, తాళం పడిన ఫైళ్ళను రీడ్‌మీతో సహా వేరే డిస్కులో భద్రపరచాలి. మరో శుభ్రమైన ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఆ తర్వాతే ఫార్మాట్. దానికైనా మైక్రోసాఫ్ట్ సైటు నుంచి తీసుకున్న అసలు విండోస్‌నే వేయించాలి. విండోస్ 8 వచ్చాక విండోస్‌తో పాటు కొన్న ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా విండోస్ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. డబ్బు పెట్టి కొన్న విండోస్ చేతిలో ఉండగా షాపులో క్రాక్ విండోస్ వేయించుకుని వచ్చేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఆ ఇంట్లో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కూడా ఉంది. బ్యాకప్ కోసమే కొన్నారు, కానీ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచడం వల్ల దానిలోని ఫైళ్ళకూ తాళం పడింది. షాపుకు దాన్ని తీసుకెళ్ళలేదు కాబట్టి రీడ్‌మీ అందులో మిగిలింది. ఆత్రంగా తెరిచి చూశాను. సంఖ్య చివర టీ1 లేదు. ఫోటోలు తెరుచుకోలేదు. అయితే ఈ రాన్సమ్‌వేర్ ఒక్కొక్క ఫైలులో మొదటి 150 కేబీ వరకే తాళం వేస్తుంది కాబట్టి, గంటల నిడివి గల పెద్దమ్మాయి పెళ్ళి వీడియో తలభాగాన్ని మరమ్మతు చేస్తే దాదాపు అంతా ఆడింది. జీలకర్ర బెల్లం ఘట్టం తెర మీదికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ కూర్చుండిపోయింది. ఫోటోలున్న ఆ డిస్కును పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టించాను. కొత్త తాళంచెవులేవైనా బయటికి వచ్చాయేమోనని కొన్ని నెలలకోసారి వెళ్ళి చూస్తున్నాను.