పిల్లలతో డీప్ సీ ఫిషింగ్: వెళ్లొచ్చా, వద్దా? పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం. వేడి సముద్రాల వైపు సెలవులకు వెళ్తే హోటల్ కౌంటర్ మీద ఒక కరపత్రం తప్పకుండా కనిపిస్తుంది. నీలం నీళ్లు, తెల్ల బోటు, మనిషంత చేపను ఎత్తి పట్టుకుని నవ్వుతున్న కుటుంబం. పిల్లల కంట పడిందంటే ఇక రోజంతా అదే పాట. మేమూ పిల్లల్ని తీసుకుని డీప్ సీ ఫిషింగ్‌కి వెళ్లొచ్చాం. చేపల వేట అంటే పిచ్చి ఉన్నవాళ్లకి రివ్యూలు చాలానే ఉన్నాయి. ఇది పిల్లలతో వెళ్లే అమ్మానాన్నల కోసం.

నాకు చాలా నచ్చింది, మళ్లీ వెళ్తాను కూడా. అయితే ఈ ట్రిప్ బాగుంటుందా, నరకం కనిపిస్తుందా అన్నది ఎంత పెద్ద చేప పడింది అన్నదాని కన్నా, డబ్బు కట్టేముందు మీరు ఏం అడిగారు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ముందు ఇది అడగండి: "రేవు వదిలాక ఎంతసేపటికి గాలం వేస్తారు?" హవాయి, మారిషస్ లాంటి అగ్నిపర్వత దీవుల్లో ఒడ్డు దాటిన కొద్ది దూరానికే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది. అక్కడ బయల్దేరిన కాసేపటికే వేట మొదలవుతుంది. తీరం నుంచి చాలా దూరం వరకు లోతు తక్కువగా ఉండే చోట మాత్రం వెళ్లడానికే గంట, గంటన్నర, రావడానికి మళ్లీ అంతే. నాలుగు గంటల ట్రిప్‌లో సగం ప్రయాణానికే పోతే పిల్లలకి మిగిలేది ఏముంటుంది? మొదటిసారి అయితే పూట ట్రిప్ చాలు, అదీ పొద్దున్నే బయల్దేరేది తీసుకోండి. చాలాచోట్ల మధ్యాహ్నానికి గాలి పెరిగి అలలు లేస్తాయి.

ఆ తర్వాత లైఫ్ జాకెట్లు. "ఉన్నాయి" అని చెప్తే సరిపోదు, పిల్లల సైజువి తీయించి, అక్కడే వేసి చూడండి. మేం మొదట చూసిన బోటులో అన్నీ పెద్దవాళ్లవే. మా బాబుకి వేస్తే తల లోపలికి పోయింది. మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడకుండా పిల్లల్ని దింపేసింది. ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. వీహెచ్‌ఎఫ్ రేడియో (ఒడ్డుతో, మిగతా బోట్లతో మాట్లాడేది) పనిచేస్తోందా అని కూడా అడగండి. ఆపదలో పిలవడానికి అంతర్జాతీయంగా వాడేది 16వ ఛానల్. ఒడ్డు కనిపించనంత దూరంలో సెల్ ఫోన్‌ని నమ్ముకోలేం. నీడ, టాయిలెట్ ఉన్నాయో లేదో చూసుకోండి.

వాంతుల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కారులో కళ్లు తిరిగేవాళ్లకి ఇక్కడ ఇంకా ఎక్కువ. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర బోటు ఎక్కే గంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. పిల్లలకి ఏ మందు, ఎంత మోతాదు అన్నది ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. లోపల క్యాబిన్‌లో పడుకోబెట్టకండి, ఫోన్ ఇవ్వకండి. బోటు మధ్యలోనో వెనకవైపో గాలి తగిలేచోట, డీజిల్ పొగ రాని పక్కన కూర్చోబెట్టి, దూరంగా ఆకాశం నీళ్లని తాకే గీత చూడమనండి.

ఇక వేట. నిజం చెప్పాలంటే ఎక్కువసేపు ఎదురుచూపే. బోటు గంటకి పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా తిరుగుతుంటుంది. వెనకాల స్క్విడ్ ఆకారంలో ఉన్న రంగురంగుల ఎరలు నీళ్ల మీద ఎగురుతూ వస్తుంటాయి. దీన్ని ట్రోలింగ్ అంటారు. మా కెప్టెన్ చూపంతా పక్షుల మీదే. పక్షులు గుంపుగా నీళ్లలోకి దూకుతుంటే కింద చేపల మంద ఉన్నట్టే. తేలే దుంగ కనిపించినా బోటు అటే తిప్పాడు, దాని నీడలో మహి మహి చేపలు చేరతాయట. మా పిల్లలకి ఈ వెతుకులాట అప్పగించాం, ఇక విసుగన్న మాటే లేదు.

ఉన్నట్టుండి రీల్ గిర్రుమంది! దారం అలా పరిగెడుతూనే ఉంది. మిగతా గాలాలన్నీ గబగబా లాగేశారు, లేకపోతే దారాలన్నీ చిక్కుపడిపోతాయి. పాపని కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. రాడ్‌ని పైకెత్తడం సహాయకుడి పని, దించేటప్పుడు రీల్ తిప్పడం పాప పని. ఐజీఎఫ్‌ఏ (చేపల వేట ప్రపంచ రికార్డులు నమోదు చేసే సంస్థ) రికార్డు నిబంధనల ప్రకారం ఇంకొకరు రాడ్ ముట్టుకుంటే ఆ చేప లెక్కలోకి రాదు. రికార్డులతో మనకేం పని? పాప చేతులకి ఆ బరువు తెలిసింది, అది చాలు.

పడింది మహి మహి. నీళ్లలోంచి బయటికి వచ్చినప్పుడు ఆ రంగులు చూడాలి: బంగారు పసుపు, ఆకుపచ్చ, రెక్కల దగ్గర కరెంటు నీలం. అందరం కేకలు పెట్టాం. డెక్ మీద పడిన కాసేపటికే ఆ రంగులు ఒక్కొక్కటిగా ఆరిపోయి బూడిద రంగు వచ్చేసింది. "ఎందుకు నాన్నా అలా అయిపోతోంది?" అని పాప అడిగింది. చర్మంలోని రంగు కణాలు నరాల అదుపులో ఉంటాయి, ప్రాణం పోగానే ఆ అదుపు పోతుంది అని చెప్పాను. చెప్పింది అర్థమైంది కానీ, చాలాసేపు మాట్లాడలేదు. రక్తం ఉంటుంది, చేప చచ్చిపోతుంది. ఈ విషయం ముందురోజు రాత్రే పిల్లలతో మాట్లాడండి. వద్దంటే వాళ్ల మాట వినండి.

మార్లిన్, సెయిల్‌ఫిష్ లాంటి కొమ్మున్న చేపలు పడితే వదిలేసే బోటునే ఎంచుకోండి. ఫోటో కోసం డెక్ మీదికి లాగమని అడగకండి. నీళ్లలోనే పక్కన పట్టుకుని, గాలం తీసి పంపేస్తే అది బతికే అవకాశం ఎక్కువ.

పట్టిన చేప ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోండి. కొన్నిచోట్ల అది బోటువాళ్లదే, మనకి కొంచెం ముక్కలు ఇస్తారు. ఎవరిదైనా వెంటనే ఐసులో పడాల్సిందే. ట్యూనా, మహి మహి ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే రసాయనం పెరుగుతుంది, ఒకసారి పెరిగాక ఎంత ఉడికించినా పోదు. తిన్నాక ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. బయల్దేరేముందే ఐసు పెట్టె మూత తీసి చూడండి. పగడపు దిబ్బల దగ్గర పడే పెద్ద బారాకుడా చేప అయితే అసలు తినకండి, అందులో సిగువటెరా విషం ఉండొచ్చు. అది వండినా, ఐసులో పెట్టినా పోదు.

నా తీర్పు ఇది. కాసేపు ఓపిగ్గా కూర్చోగలిగే, నీళ్లంటే భయం లేని ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే నిశ్చింతగా వెళ్లండి. అంతకన్నా చిన్నవాళ్లైతే ఒడ్డుకి దగ్గర్లో బోటు ఆపి, గాలం అడుగుకి వదిలే రెండు గంటల ట్రిప్ అడగండి. చిన్న చేపలే పడతాయి కానీ వెంటవెంటనే పడతాయి, ఆ వయసుకి కావాల్సింది అదే.