మాత్ర మింగిన మర్నాడు

ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు, బడుల నుంచి వచ్చిన మాస్టార్లకు, టీచరమ్మలకు నమస్కారం.

నులిపురుగులు, బోదకాలు, మలేరియా, జిగట విరేచనాలు: మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇవేవీ కొత్త కావు. అన్నిటికీ మందులున్నాయి, చాలావరకు సర్కారు ఉచితంగానే ఇస్తోంది. అయినా ఆ మందులు ఓడిపోతుంటాయి. ఓడిపోయేది మింగినప్పుడు కాదు, మింగిన మర్నాడు. ఒళ్లు వెచ్చబడితే ‘మాత్ర పడలేదు’ అంటారు. ఒళ్లు తేలికపడితే ‘జబ్బు పోయింది’ అంటారు. పరాన్నజీవుల దగ్గర ఈ రెండు లెక్కలూ తరచు తలకిందులవుతాయి.

ముందు అందరికీ తెలిసిన ఆల్బెండజోల్ సంగతి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల మాత్ర అది. ఏడాది నిండి రెండేళ్లు నిండని బిడ్డకు సగం, రెండేళ్లు దాటిన వాళ్లకు పూర్తి మాత్ర. ‘మూడేళ్ల గుంటకీ పదో తరగతి వాడికీ ఒకటేనా?’ అని తల్లులు అడుగుతారు, అడగాల్సిందే. ఈ మందు పట్టాల్సింది పేగులో ఉన్న పురుగును. రక్తంలోకి చేరేది బహు కొంచెం. అందుకే ఇక్కడ పిల్లల బరువుతో పనిలేదు.

పురుగు కణాల్లో సన్నటి గొట్టాలుంటాయి. ఆల్బెండజోల్ ఆ గొట్టాలను కట్టుకోనివ్వదు. దాంతో పురుగు గ్లూకోజు పీల్చుకోలేక పస్తులతో చస్తుంది. పస్తుల చావు గంటలో అయ్యేది కాదు, రోజులు పడుతుంది. కాబట్టి ‘మాత్ర వేసినా ఏమీ పడలేదు’ అన్న మాటకు కంగారు పడొద్దు. పైగా ఏలికపాము అయితే కంటికి కనిపిస్తుంది గానీ, సెంటీమీటరు పొడవుండే కొంకిపురుగును మలంలో ఎవరు చూడగలరు?

మాత్ర ఇచ్చేటప్పుడు జరిగే అసలు ప్రమాదం మందు వల్ల కాదు, గొంతులో అడ్డం పడటం వల్ల. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి నోట్లో వేయకూడదు. చిన్నపిల్లలకు రెండు చెంచాల మధ్య మాత్రను పొడి చేసి, శుభ్రమైన నీళ్లలో కలిపి తాగించాలి. పెద్దపిల్లలు నమిలి మింగాలి. జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ రోజు ఆపి, కోలుకున్నాక ఇవ్వొచ్చు. పురుగులు ఎక్కువగా ఉన్నవాళ్లకు కాస్త కడుపునొప్పి, వాంతి, నీరసం వస్తాయి. నీడలో పడుకోబెట్టి, నీళ్లు తాగించి, రెండు గంటలు కనిపెట్టి ఉంటే చాలు.

ఒక్క మాత్ర అన్ని పురుగుల మీదా ఒకేలా పనిచేయదు. ఏలికపాముకు బాగా, కొంకిపురుగుకు ఓ మోస్తరుగా, కొరడాపురుగుకు మాత్రం అంతంతే. రాత్రిళ్లు ఆసనం దగ్గర దురద పెట్టే సన్నటి తెల్ల పురుగులకైతే రెండు వారాల తర్వాత మరో మాత్ర ఇవ్వాలి, అదీ ఇంటిల్లిపాదికీ. మొదటి మాత్ర పెద్ద పురుగుల్ని చంపుతుంది గానీ, గోళ్లలో, పక్కబట్టల్లో మిగిలిన గుడ్లను ఏం చేస్తుంది? కొంకిపురుగు పిల్లలు తడి ఇసుక నేలలో, చెట్ల నీడలో హాయిగా బతికి పాదం చర్మం గుండా లోపలికి దూరతాయి. కొబ్బరి, జీడి తోటల్లో చెప్పుల్లేకుండా తిరిగే వాళ్లకు ఈ ముక్క ముందుగా చెప్పాలి. చెప్పులు లేకపోతే ఆరు నెలలకోసారి మాత్ర వేస్తూ ఉండటమే తప్ప, ఆ పురుగు రక్తం పీల్చడం వల్ల వచ్చే రక్తహీనత తగ్గదు.

గర్భిణికి మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ వద్దు. ఎందుకో తేలని మూర్ఛలు వస్తున్న వాళ్లకు డాక్టరును అడగకుండా అసలే వద్దు. పందిమాంసం బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళితే, వాటి పిల్లలు మెదడులో తిత్తులుగా కూర్చుంటాయి. మందుకు ఆ తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి మూర్ఛ ఎక్కువవుతుంది. ఆసుపత్రిలో ఆ తిత్తులకు వైద్యం చేసేదీ ఇదే మందుతోనే. అయితే స్కాన్ తీసి, వాపు తగ్గించే స్టెరాయిడ్ తోడుగా, కిలో బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాముల లెక్కన రెండు పూటలుగా ఇస్తారు. అప్పుడు నెయ్యో నూనో ఉన్న భోజనం చేశాక వేసుకోమంటారు. కొవ్వుతో కలిస్తేనే మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది.

ఇక బోదకాలు. దీనికి వాడే డీఈసీ మందుతో తెలుగువాడికి చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపించిన కాలంలోనే, 1940లలో, హెట్రజాన్ పేరుతో అది బయటికొచ్చింది. సామూహిక పంపిణీలో 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకు 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు రెండు, 15 దాటితే మూడు. తోడుగా ఒక ఆల్బెండజోల్. మూడు మందుల పద్ధతి అమలయ్యే చోట ఐవర్‌మెక్టిన్‌ కూడా కలుస్తుంది. దాన్ని ఎత్తును బట్టి ఇస్తారు: 90 సెంటీమీటర్ల నుంచి 119 వరకు 3 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 140 వరకు రెండు, 158 వరకు మూడు, ఆపైన నాలుగు. కొలకర్ర తప్పుగా నిలబెడితే మోతాదు తప్పుతుంది. గోడకు ఆనించి, చెప్పులు విప్పించి కొలవండి.

డీఈసీ పరగడుపున వద్దు. చోడి అంబలి తాగి వచ్చినా సరే, కడుపులో ఏదో ఒకటి ఉండాలి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇంకో జాగ్రత్త కావాలి. డీఈసీ ఎక్కువగా మూత్రంలోనే పోతుంది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషిలో అది పేరుకుంటుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పనిచేసేవాళ్లు ‘కిడ్నీ జబ్బు ఉందా, డయాలిసిస్ చేయించుకుంటున్నారా’ అని అడిగి, ఉందంటే మాత్ర చేతిలో పెట్టకుండా డాక్టరు దగ్గరకు పంపండి.

మాత్రలు పంచే రోజు వినబడే మాట ఒకటుంది: ‘నాకేటీ నేదు కదా, నాకెందుకమ్మా?’ జబ్బు లేనట్టు కనిపించే మనిషి రక్తంలో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు సూక్ష్మమైన పిల్లలు తిరుగుతుండొచ్చు. అవి రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే రక్తపూత రాత్రి ఎనిమిదిన్నర దాటాక తీస్తాం. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళా అదే. డీఈసీని గాజుసీసాలో వాటి మీద పోస్తే అవి పెద్దగా చావవు. ఒంట్లోకి వెళ్లాక మన రక్షక కణాలకు వాటిని పట్టించి ఇస్తుంది. లక్షలాది పురుగుపిల్లలు ఒక్కసారిగా చస్తే వాటి లోపలి సరుకంతా రక్తంలో పడి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వికారం వస్తాయి. వృషణాల దగ్గర నొప్పి గడ్డ లేచిందంటే పెద్ద పురుగు చచ్చిందన్న మాట. పురుగులు లేని మనిషికి చాలావరకు ఏమీ కాదు. కాబట్టి జ్వరం వచ్చిన మనిషే ఆ మాత్ర అందరికన్నా ఎక్కువ అవసరమైన మనిషి! ఈ సంగతి మాత్ర ఇచ్చే ముందే చెప్పాలి. తర్వాత చెబితే సాకులా వినబడుతుంది. పారాసెటమాల్‌తో ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మనిషి తూలినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.

పెద్ద పురుగు ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతుంది. ఏటా ఇచ్చే మాత్ర దాన్ని పూర్తిగా చంపకపోయినా పురుగుపిల్లల్ని తుడిచేస్తుంది, దోమకు ఏమీ దొరకదు. అందుకే ఒక ఏడు వేసుకుని మానేస్తే లాభం లేదు. ఇప్పటికే లావెక్కిన కాలు ఈ మాత్రతో సన్నబడదు, ఆ ఆశ పెట్టొద్దు. ఆ కాలికి రోజూ సబ్బూ నీళ్లూ, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవటం, పుండుకు మందు. వరిబీజానికి ఆపరేషన్.

మలేరియాలో రెండో తప్పులెక్క, ఒళ్లు తేలికపడగానే ‘జబ్బు పోయింది’ అనుకోవడం, కనిపిస్తుంది. మలేరియా ఎక్కువగా ఉండే సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఇప్పుడు మన్యం జిల్లాలో ఉన్నా, అక్కడి వాళ్లు మన ఊళ్లకు పనులకు వస్తూనే ఉంటారు. వైవాక్స్ అనే రకం మలేరియా జ్వరానికి పెద్దవాళ్లకు క్లోరోక్విన్ 150 మిల్లీగ్రాముల బేస్ మాత్రలు మొదటిరోజు నాలుగు, రెండోరోజు నాలుగు, మూడోరోజు రెండు. రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది, మనిషి పొలానికి వెళ్లిపోతాడు. కానీ కాలేయంలో నిద్రపోతున్న వైవాక్స్‌ను క్లోరోక్విన్ తాకను కూడా తాకదు. దానికి ప్రైమాక్విన్ కావాలి, రోజుకు 15 మిల్లీగ్రాములు, అంటే ఏడున్నర మిల్లీగ్రాముల మాత్రలు రెండు, 14 రోజులు. వారాలకో నెలలకో మళ్లీ చలిజ్వరం వస్తే దోమను తిడతారు. చాలాసార్లు అది పాతదే, ఐదోరోజు మానేసిన ప్రైమాక్విన్ తాలూకుది. పద్నాలుగు రోజుల మందూ ఒకేసారి ఇచ్చి రావడం కన్నా, మూడు నాలుగు రోజులకోసారి ఇంటికెళ్లి ఖాళీ రేకు చూడటం మేలు.

ప్రైమాక్విన్ అన్నం తిన్నాకే వేసుకోవాలి, లేకపోతే కడుపు పట్టేస్తుంది. ఏడాది లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న వాళ్లలో ఎర్రకణాలు పగులుతాయి. మూత్రం కాఫీ డికాషన్ రంగుకు మారినా, కళ్లు పచ్చబడినా, పెదాలు నల్లబడినా మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి పంపండి. ఆగకుండా పూర్తి చేయమన్న మాటకు మినహాయింపు ఇదొక్కటే.

ఫాల్సిపారమ్ అనే ఇంకో రకం మలేరియాకు కథ వేరు. అది కాలేయంలో నిద్రపోదు గానీ, ఆలస్యమైతే మెదడుకెక్కుతుంది. 2013 జాతీయ మార్గదర్శకాల్లో మన ప్రాంతానికి చెప్పింది మూడు రోజులు ఆర్టిసునేట్, మొదటిరోజు దానికి జతగా సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, రెండోరోజు దోమకు చేరే రూపాన్ని చంపడానికి ఒక్క మోతాదు ప్రైమాక్విన్, పెద్దవాళ్లకు 45 మిల్లీగ్రాములు. వయసును బట్టి రంగుల రేకులుంటాయి, ఒక రంగు విప్పి ఇంకో వయసు వాళ్లకు సర్దకండి. మింగిన అరగంటలోపు వాంతయితే ఆ మోతాదు మళ్లీ ఇవ్వాలి. ఇంకొకటి: జ్వరం తగ్గిన వారానికి కిట్‌తో పరీక్షిస్తే ఫాల్సిపారమ్ గీత మళ్లీ పడొచ్చు. చచ్చిన క్రిమి ప్రోటీన్ వారాల తరబడి రక్తంలో ఉంటుంది. మందు పనిచేయలేదని కంగారుపడి రెండోసారి ఇవ్వకుండా, రక్తపూత తీసి మైక్రోస్కోపులో చూపించండి.

జిగట విరేచనాల మాటలో అమీబా పేరు అరిగిపోయింది. పసిపిల్లల నీళ్ల విరేచనాల్లో ఎక్కువభాగం వైరస్‌లవే, వాటికి అమీబాను చంపే మెట్రోనిడజోల్ అక్కర్లేదు. ఓఆర్‌ఎస్, 14 రోజులు జింకు చాలు: ఆరు నెలల లోపు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. డాక్టరు అమీబాయే అని తేల్చి మెట్రోనిడజోల్ రాస్తే, రెండోరోజు విరేచనాలు ఆగినా రాసినన్ని రోజులూ వాడాలి. ఆ మందు పేగు గోడలో ఉన్న అమీబాను చంపుతుంది, పేగు మధ్యలో మిగిలిన వాటిని సరిగా పట్టదు. వాటి కోసమే డైలోక్సనైడ్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, పది రోజులు ఇస్తారు. మెట్రోనిడజోల్ వేసుకుంటే నోరు ఇనుము నాకినట్టుంటుంది, మూత్రం కాస్త ముదురు రంగులో పడొచ్చు. అది భయపడే సంగతి కాదని ముందే చెప్పండి. ఆ రోజుల్లోనూ, మందు ఆపాక మరో రెండు మూడు రోజులూ సారా గానీ కల్లు గానీ, తాటిదైనా జీలుగుదైనా, ముట్టొద్దు. ఒళ్లంతా ఎర్రబడి వాంతులైతే తప్పు మాత్ర మీదకే పోతుంది, మర్నాటికి రేకు చెత్తకుండీలో ఉంటుంది.