షాట్ పుట్టకముందే కూర్పు: ‘అవతార్’ ఎడిటింగ్ గదిలో

[తెర మీద: పక్కపక్కన రెండు చట్రాలు. ఒకదానిలో బూడిదరంగు ఖాళీ వేదిక, రెండోదానిలో పండోరా అడవి.]

మామూలు సినిమాలో ఎడిటర్ చేతికి వచ్చేవి షాట్లు. కెమెరా ఎక్కడ పెట్టాలో, క్లోజప్ ఎంత బిగువుగా ఉండాలో చిత్రీకరణ నాడే తేలిపోయి ఉంటుంది కాబట్టి, వచ్చిన రషెస్‌లో, అంటే ఇంకా కూర్చని ముడి దృశ్యాల్లో, ఏ ముక్క ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి, ఏ ఫ్రేము దగ్గర కోయాలి అన్నదే ఆ గదిలో జరిగే ఆలోచన. జేమ్స్ కామెరాన్ తీసిన ‘అవతార్’ (2009), ‘అవతార్: ద వే ఆఫ్ వాటర్’ (2022) చిత్రాలలో పండోరా అనే కల్పిత లోకపు నీలి జీవులైన నావీల సన్నివేశాలకు మాత్రం ఈ వరుస తారుమారైంది. అక్కడ ముందు నటన, తర్వాత కూర్పు, ఆ తర్వాతే కెమెరా, ఆ పైన మళ్ళీ కూర్పు. మొదటి చిత్రాన్ని స్టీఫెన్ రివ్‌కిన్, జాన్ రెఫూవా, కామెరాన్ కలిసి కూర్చగా, రెండో చిత్రానికి డేవిడ్ బ్రెన్నర్ కూడా తోడయ్యారు. దర్శకుడి పేరు ఎడిటర్ల వరుసలో ఎందుకుందో కాసేపట్లో తెలుస్తుంది.

[తెర మీద: గుర్తులు అతికించిన బిగుతు దుస్తుల్లో నటులు; ముఖం ముందు చిన్న కెమెరా.]

నటీనటులు ‘వాల్యూమ్’ అనే విశాలమైన ఖాళీ వేదిక మీద నటిస్తారు. చుట్టూ ఉన్న కెమెరాలు వారి దుస్తుల మీది గుర్తులను పట్టుకుని శరీర కదలికను నమోదు చేస్తే, తలకు బిగించిన చిన్న కెమెరా కళ్ళు, పెదవులు, కనుబొమల కదలికను నమోదు చేస్తుంది. ఈ సమాచారం కంప్యూటర్‌కు సరిపోతుంది గానీ, చుక్కల గుంపును చూసి నటన బాగుందో లేదో ఏ ఎడిటరూ చెప్పలేరు. అందుకే వేదిక చుట్టూ మామూలు వీడియో కెమెరాలు కూడా ఉంటాయి. రిఫరెన్స్ కెమెరాలు అనే వీటి దృశ్యాలు ప్రేక్షకుడికి ఎన్నడూ కనిపించవు, అయినా తొలి కూర్పు మొత్తం వీటి మీదే నడుస్తుంది.

[తెర మీద: ఒకే తెర మీద గళ్ళుగళ్ళుగా అనేక వీడియోలు.]

ఒక సన్నివేశాన్ని ఊహించుకుందాం. జేక్ పాత్రధారి శామ్ వర్తింగ్టన్ మూడో టేక్‌లో అద్భుతంగా చేశారు. నేయ్‌తిరి పాత్రధారిణి జోయీ సాల్డానాకు అయిదో టేక్ కుదిరింది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండే మామూలు షాట్ అయితే, ఎవరో ఒకరి విషయంలో ఎడిటర్ రాజీపడక తప్పదు. ఇక్కడ ఒక్కొక్కరి నటన విడివిడి సమాచారంగా ఉంటుంది కాబట్టి, ఈ టేక్ నుంచి జేక్‌ను, ఆ టేక్ నుంచి నేయ్‌తిరిని తెచ్చి ఒకేచోట నిలబెట్టవచ్చు. అయితే మూడో టేక్‌లో ఆయన ఆగిన చోట అయిదో టేక్‌లో ఆమె మాట అందుకుని ఉండకపోవచ్చు, చూపులు కలవకపోవచ్చు. ఒకరి చెయ్యి మరొకరి భుజం మీద పడే సన్నివేశంలో ఆ చెయ్యి గాలిలో తేలిపోకుండా చూడాలి కాబట్టి, అక్కడ టేకులను విడదీయడం అంత సులువు కాదు. శరీరం ఒక టేక్ నుంచి, ముఖం మరో టేక్ నుంచి తీసుకునే వీలు కూడా ఉంది. డబ్బింగ్‌లో గొంతు మార్చడం మనకు అలవాటే. ఇది ముఖానికి డబ్బింగ్ అనుకోవచ్చు.

ఇలా ఏరిన నటనను సాంకేతిక బృందం పాత వీడియో గేమ్‌లా కనిపించే ముతక దృశ్యంగా పేర్చి ఇస్తుంది. అప్పుడు కామెరాన్ కటకం లేని వర్చువల్ కెమెరాను, అంటే పిడులున్న ఒక చిన్న తెరను, పట్టుకుని ఖాళీ వేదిక మీద నడుస్తారు. నటులు ఎప్పుడో ఇళ్ళకు వెళ్ళిపోయినా వారి నటన ఆ తెరలో మళ్ళీ జరుగుతుంటుంది; దాన్ని ఆయన ఎటు నుంచి కావాలంటే అటు నుంచి షాట్లుగా తీసుకుంటారు. ఆ షాట్లు ఎడిటర్ల దగ్గరికి వచ్చాక మనకు తెలిసిన కూర్పు మొదలవుతుంది. ఇక్కడ మరో క్లోజప్ కావాలంటే ఎవరి కాల్షీట్లూ అడగనక్కరలేదు. నా దృష్టిలో ఇది వరమూ, శాపమూ కూడా: షాట్ ఎప్పుడైనా మారగలిగినప్పుడు ‘ఇక చాలు’ అనే మాట ఎవరో ఒకరు అనాలి, ఆ మాట అనే అధికారం ఉన్న మనిషి ఎడిటింగ్ గదిలోనే ఉండటం మేలు.

ఇలా నటుల కదలికలను నమోదు చేసి పాత్రలకు తొడిగే పెర్ఫార్మెన్స్ క్యాప్చర్ చిత్రాలన్నీ ఇలాగే తయారవుతాయని అనుకోకూడదు. 2014లో వచ్చిన ‘డాన్ ఆఫ్ ద ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్’ చిత్రానికి చాలావరకు ఆరుబయటే చిత్రీకరణ జరిగింది. కోతుల నాయకుడు సీజర్ పాత్రధారి ఆండీ సెర్కిస్ క్యాప్చర్ దుస్తుల్లోనే అసలు కెమెరా ముందు నిలబడ్డారు. ఎడిటర్లు విలియమ్ హోయ్, స్టాన్ సాల్ఫస్‌లకు షాట్లు మొదటి నుంచీ ఉన్నాయి, లేనివి కోతులే. దుస్తుల్లో ఉన్న మనుషులను చూస్తూ కోతుల కథను కూర్చడానికి వేరే రకం ఊహ కావాలి.

[తెర మీద: పెద్ద చట్రంలో నావీ ముఖం, మూలన చిన్న చట్రంలో నటి ముఖం.]

మళ్ళీ ‘అవతార్’ దగ్గరికి వద్దాం. కుదిరిన కూర్పు న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఉన్న విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ వేటాకు వెళుతుంది. దానితో పాటు ప్రతి షాట్‌కూ ఎంచుకున్న ముఖం వీడియో కూడా వెళుతుంది. అక్కడి నుంచి యానిమేషన్ తిరిగి వచ్చాక, తెర మూలన నటి అసలు ముఖాన్ని పెట్టుకుని రెండింటినీ పోల్చి చూస్తారు. మాట పలికే ముందు ఆమె రెప్ప ఒకసారి అదిరి, నీలి ముఖంలో ఆ అదురు కనిపించకపోతే, ఆ టేక్‌ను ఎంచుకున్న కారణమే పోయినట్టు. ఆ షాట్ మళ్ళీ వెల్లింగ్టన్‌కే వెళుతుంది.